మొదటి టేకు

పొద్దున ఆరున్నరకి
మా కావలి మున్సిపాలిటీ చెత్తబండి సందు తిరుగుతుంది.
"అమ్మలారా, అయ్యలారా, తడి చెత్త వేరుగా..."
బకెట్ పట్టుకుని
అందరికంటే ముందు నేనే గేటు దగ్గరుంటాను.
చెత్త లేని రోజు కూడా ఉంటాను.

ఆ గొంతు దూదేకుల హుస్సేనమ్మది.
బిట్రగుంట రైలు షెడ్డు వెనక
వాళ్ళ నాయన పరుపులు కుట్టేవాడు.
దూది ఏకే నారి డుంగుమంటే
ఆ పిల్ల దానికి శ్రుతి కలిపేది.
హార్మోనియం మెట్లు కంటితో చూడకముందే
దూది నుసితో పాటు సంగీతం ముక్కులోకి పోయింది.

పద్నాలుగేళ్ళకి నాటకాల కాంట్రాక్టరు
హేమలత అని పేరు మార్చి వాల్‌పోస్టరు వేశాడు.
నాకేమో తెర పక్కన ముక్కాలిపీట,
ఒళ్ళో రాతప్రతి, ఒక బుడ్డి దీపం.
నేను ప్రాంప్టరు పెంచలయ్యని.

పద్యాలన్నీ ఆమెకి నోటికొచ్చు,
వన్స్‌మోర్ అంటే ఇంకో శ్రుతి పైకి పోయేది.
ఆగేదల్లా వచనంలోనే,
చిన్న చిన్న మాటల దగ్గర.
"అయితే" దగ్గర. "సరే, పొండి" దగ్గర.
ఎడమ కంటి చివరనించి ఇటు చూసేది,
నేను అందించేవాణ్ణి,
ఆ ఆగడం కూడా నటనే అనుకుని జనం చప్పట్లు కొట్టేవాళ్ళు.
కందుకూరులో ఓ రాత్రి జల్లు కొట్టి సిరా కారిపోయి
నాకే మాట కనపడలేదు.
ఇద్దరం నోళ్ళు తెరుచుకుని ఉండిపోయాం.
హార్మోనిస్టు రంగశాయి మూడు నిమిషాలు ఒక్కడే లాక్కొచ్చాడు.
రంగు చెదరకుండా ఎట్టా ఏడవాలో
ఆ రాత్రే నేర్చుకుంది ఆమె.

తర్వాత మద్రాసు.
తెల్లారుజాము ప్యాసింజరు, కారేజీలో చేపల పులుసు.
సినిమాల్లో మొత్తం నాలుగుసార్లు కనపడింది.
పేరంటంలో ఒకసారి, నర్సుగా రెండుసార్లు,
నాలుగోదాంట్లో కత్తెర పడగా మిగిలింది
పళ్ళెం పట్టుకున్న మోచెయ్యి.
ఆ మోచెయ్యి చూడ్డానికి
బిట్రగుంట నించి పదిహేడుమందిమి టికెట్లు కొన్నాం.

"మనిషి నలుపు, గొంతు తెలుపు" అన్నాడంట ఎవరో డైరెక్టరు.
చీకటి గదిలో మైకు ముందు నిలబెట్టారు.
ఇంక ముప్ఫై రెండేళ్ళు అక్కడే.
బొంబాయి పిల్లల పెదాల మీద మా నెల్లూరు ఊపిరి.
"యాడికి"ని మింగేసి "ఎక్కడికి" అని దిద్దుకుంటూ
హీరోయిన్లకి ప్రేమ, నాగుపాముకి పగ,
ఆరేళ్ళ పిల్లోడికి కోరింత దగ్గు,
చచ్చిపోయే మేనత్తకి ఆఖరి మూడు ఎక్కిళ్ళు.
ఒక్క పూటలో నలుగురుగా ఏడ్చి
బస్సులో కవరు విప్పి డబ్బు లెక్కపెట్టుకునేది.
తెర మీద పేర్లలో దర్జీ పేరుండేది.
ఆమెది ఉండేది కాదు.

నేను కళ్ళు మూసుకుని సినిమా చూసేవాణ్ణి.
"నిద్రపోను టికెట్టెందుకు పెద్దాయనా" అని
గేటు కుర్రాడు మొహం మీద టార్చి కొట్టేవాడు.
అక్కడ ఆమెకి చెవుల్లో హెడ్‌ఫోను,
అందించడానికి మిషను ఉన్నాయని తెలుసు.
అయినా మాట నిలిచిన చోటల్లా నా పెదవి కదిలేది.

ఇప్పుడు ముసునూరు వైపు, చెల్లెలి కూతురి రేకుల ఇంట్లో ఉంటుంది.
పై పళ్ళు కట్టించుకుంది.
మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి అడిగితే
ఎనిమిదొందలకీ ఓ శాలువాకీ చదివిపెట్టింది.

మొన్న బండొచ్చినప్పుడు నేనక్కడే ఉన్నా.
కొర్రమీను పొలుసూ పాల కవర్లూ ఒకే బకెట్లో కలేసి తెచ్చింది,
తన గొంతు తనకే బుద్ధి చెబుతుంటే నవ్వింది.
"తడి చెత్త వేరుగా..." అని స్పీకరు ఆగింది.
అర లిప్త.
"పొడి చెత్త" అన్నాను, లోపల్లోపలే.
"పొడి చెత్త వేరుగా" అంది స్పీకరు.

ఆమె మొహం ముడుచుకుంది.
"విన్నావా పెంచలయ్యా, ఆ గ్యాపు?
రెండో టేకు శుభ్రంగా ఇచ్చా,
ఈ సచ్చినోళ్ళు మొదటిదే ఉంచారు.
కమిషనరుకి ఓ అర్జీ రాసిపెట్టు."

రాస్తానన్నాను.
కాయితం తెచ్చుకుని నాలుగు రోజులైంది.